బాడుగ బండి – మాట్లాడుకోని ఖర్చులు

(నెల్లూరులో క్షేత్రస్థాయి కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ ఈ శిబిరంలో పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుకున్నాం. గృహహింస చట్టం, తీరప్రాంత భూములు, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే ఆడకూలీల సమస్యలు, యానాది కుటుంబాలకి అందని పథకాలు. ఈ ఉదయం బోర్డు మీద నా పేరు పక్కన "బాడుగ బండ్లు – ఖర్చులు" అని రాసేసరికి వెనక వరసలో కొందరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సోషియాలజీలో డాక్టరేట్ చేసి కారు బాడుగ గురించి చెప్పడానికి వచ్చింది ఈవిడ అనుకుని ఉంటారు. అయితే ఈ విషయం మీద మాట్లాడతానని నిర్వాహకుల్ని అడిగింది నేనే. ఎందుకు అడిగానో చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొంతకాలం కిందట ఎండుచేపలు అమ్ముకునే స్త్రీల ఆదాయ వ్యయాల మీద ఒక అధ్యయనం చేశాను. అల్లూరు, ఇసకపల్లి వైపు మొదటి రోజు, రాత్రికి కావలిలో బస, రెండో రోజు జువ్వలదిన్నె చూసుకుని నెల్లూరు రావడం అని అనుకున్నాం. బండి మాట్లాడే పని నాతో పనిచేస్తున్న క్షేత్ర కార్యకర్తకి అప్పగించాను. ఆమె ఫోన్లో ఒక ట్రావెల్స్ వాళ్ళతో మాట్లాడింది. "కిలోమీటరుకి 14 రూపాయలు" అన్నారు. మేం లెక్కలేసుకున్నాం. మహా అయితే 230 కిలోమీటర్లు, అంటే సుమారు 3,200 రూపాయలు. డ్రైవర్ బత్తా, ఇతర ఖర్చులు కలిపి 4,500 చాలని ఆఫీసుకి రాశాం, మంజూరైంది.

తిరిగొచ్చాక మీటరు చూస్తే 231 కిలోమీటర్లే. మా అంచనా తప్పు కాలేదు. బిల్లు మాత్రం 12,500 రూపాయలు!

ఎట్లా వచ్చిందో వినండి. ఊరు దాటి వెళ్ళే బండికి రోజుకి కనీసం 250 కిలోమీటర్ల బాడుగ కట్టాలట, తిరిగినా తిరగకపోయినా. మమ్మల్ని రాత్రి పదకొండున్నరకి నెల్లూరులో దించారు. బండి షెడ్డు నలభై కిలోమీటర్ల అవతల ఉంది. అది షెడ్డుకి చేరేసరికి పన్నెండు దాటింది, కాబట్టి మూడో రోజు మొదలైనట్టేనట. మూడు రోజులకి 750 కిలోమీటర్ల లెక్కన 10,500. మూడు రోజుల బత్తా 1,200. రాత్రి బసకి 300. ఏసీ వేసినందుకు 500. ఇందులో ఒక్కటీ ఫోన్లో చెప్పలేదు. మేమూ అడగలేదు.

పోట్లాడితే మూడో రోజు తీసేశారు. 8,600 దగ్గర తెగింది. మంజూరైంది 4,500. సరైన బిల్లు ఇవ్వలేదు, ఒక కాగితం ముక్క మీద మొత్తం రాసిచ్చారు. మా లెక్కల విభాగం ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు. మరి మిగతా 4,100 రూపాయలు ఎవరు కట్టారు? బండి తన ఫోన్ నుంచి మాట్లాడినందుకు ఆ కార్యకర్త కట్టింది. ఆమె నెల గౌరవవేతనం 9,000 రూపాయలు. ఈ సంగతి నాకు నాలుగు నెలల తర్వాత, అదీ ఇంకెవరో చెబితే తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఏమని చెప్పమంటారు మేడం? బేరం ఆడింది నేనే గదా. సరిగా అడగలేదని మీరే అంటారేమోనని భయపడినా" అంది.

స్త్రీల ఆదాయ వ్యయాల మీద నేను రాసిన నివేదికలో ఆ 4,100 రూపాయలు లేవు. అందుకే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. మాట్లాడుకోని ఖర్చు గాలిలో కలిసిపోదు. అది ఎవరో ఒకరి మీద పడుతుంది. మన సంస్థల్లో అది ఎప్పుడూ అందరికంటే కింద ఉన్న స్త్రీ మీదే పడుతుంది.

ఈ తీరంలో బండి అవసరం ఎందుకో మీకు తెలుసు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలై, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకి బస్సు టికెట్ లేకుండా పోయింది. అది చిన్న మార్పు కాదు. దారి బస్సుదైతే ముందు బస్సే ఎక్కండి. కానీ మన తీరం అమరిక వేరు. జాతీయ రహదారి ఊళ్ళకి పడమరగా ఉత్తర దక్షిణాలుగా పోతుంది. సముద్రం ఒడ్డు పాలేలకి ఆ రహదారి నుంచో, మండల కేంద్రం నుంచో విడివిడిగా దారులు చీలతాయి. మధ్యలో బకింగ్‌హాం కాలువ, ఉప్పుటేర్లు, చెరువు కట్టలు. మైపాడు నుంచి కృష్ణపట్నం పోవాలంటే, రెండూ ఒకే ఒడ్డున ఉన్నా, లోపలికి వచ్చి మళ్ళీ ఒడ్డుకి పోవాలి. పాలెంలో ఆడవాళ్ళు మాట్లాడటానికి దొరికేది తెల్లవారుజామున వేట పడవలు వచ్చే ముందో, సాయంత్రం వంటలయ్యాకో. ఆ వేళకి బస్సు ఉండదు. హింసకి గురైన స్త్రీని రాత్రిపూట బయటికి తీసుకురావలసి వచ్చినప్పుడు బస్సు టైము చూసుకోలేం. అందుకని బండి మాట్లాడక తప్పదు.

మన ఇళ్ళల్లో "బండి మాట్లాడటం" ఎవరి పనో గమనించారా? పెళ్ళికైనా, తిరుపతికైనా, ఆస్పత్రికైనా మగవాళ్ళ పని. ఎక్కి కూచోవడం మన పని. మనం ఫోన్ చేస్తే అవతల నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఇంట్లో సార్ లేరా మేడం?" అని. ఈ అలవాటు వల్ల అడగవలసిన ప్రశ్నలు మనకి ఎవరూ నేర్పలేదు. అడిగితే చౌకబారుగా కనిపిస్తామన్న మొహమాటం ఒకటి. ఆ అధ్యయనంలోనే ఒక పాలెంలో చేపల గంపలు వేసుకుని పోయే పెద్దామెకి మా బిల్లు కథ చెప్పాను. వాళ్ళు నలుగురైదుగురు కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకుంటారు. గంపకి ఇంత, దారిలో ఆగితే ఇంత, బండి చెడిపోయి ఐసు కరిగితే బాడుగలో ఇంత కోత, అంతా ముందే తేల్చుకుంటారు. ఆమె నవ్వి, "బండెక్కినాక బేరమేందమ్మా? ఎక్కకముందే మాట్లాడుకోవాల. ఎక్కినాక వాడు చెప్పిందే రేటు" అంది. నాకు అర్థంకానిది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

కాబట్టి ఎక్కకముందు అడగవలసినవి ఒక్కొక్కటిగా చెప్తాను. రాసుకోండి.

ఒకటి. బాడుగ కిలోమీటరు లెక్కా, రోజు లెక్కా? కిలోమీటరు లెక్కయితే రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లు కట్టాలి? మన తీరంలో తిరిగేది తక్కువ, ఆగేది ఎక్కువ. అలాంటి పనికి కిలోమీటరు రేటు పనికిరాదు. "8 గంటలు, 80 కిలోమీటర్లు" వంటి రోజు బాడుగ అడగండి. దాటితే గంటకి ఎంత, కిలోమీటరుకి ఎంత అన్నది కూడా అడగండి. మేం మా పనికి సరిపోని రేటు ఒప్పుకోవడంతోనే సగం నష్టపోయాం.

రెండు. లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? మనం ఎక్కిన చోటి నుంచి దిగిన చోటికా, షెడ్డు నుంచి షెడ్డుకా? రోజంటే 24 గంటలా, లేక అర్ధరాత్రి పన్నెండు దాటితే ఇంకో రోజా? పొద్దున్నే నాలుగింటికి బయల్దేరే వాళ్ళకీ, రాత్రి ఆలస్యంగా తిరిగొచ్చే వాళ్ళకీ ఇది ముఖ్యం. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మీటరుని ఫోన్లో ఫోటో తీసుకోండి. డ్రైవర్ ముందే తీయండి. అది అనుమానించడం కాదు, ఇద్దరికీ సాక్ష్యం.

మూడు. బత్తా, రాత్రి బస, ఏసీ, ఆగినందుకు వెయిటింగ్ ఛార్జీ బాడుగలో కలిసే ఉన్నాయా, వేరా?

నాలుగు. టోల్. నెల్లూరు నుంచి చెన్నై వైపు పోతే వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేట టోల్ గేట్లు దాటాలి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. డబ్బు కోత పడ్డ మెసేజ్ బండి యజమాని ఫోన్‌కి పోతుంది, మనకి కనిపించదు. 24 గంటల్లోపు అదే గేటు మీదుగా తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకవైపు రుసుముకి ఒకటిన్నర రెట్లే పడాలి. కొందరు బిల్లులో రెండు రెట్లు వేస్తారు. టోల్ ఎంత కోత పడిందో ఆ మెసేజ్ చూపించమని అడగండి, ఆ మొత్తమే కట్టండి.

అయిదు. రాష్ట్రం దాటడం. పెద్ద జబ్బులకి మనవాళ్ళు చెన్నై పోతారు. తడ దాటగానే తమిళనాడు. బండికి అఖిల భారత టూరిస్టు పర్మిట్ ఉందా అని ముందే అడగండి. లేకపోతే అక్కడి పన్ను, తాత్కాలిక పర్మిట్ మీ నెత్తిన పడతాయి. రోగిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని సరిహద్దులో బేరమాడలేం. ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి పోయాయి. "జిల్లా లోపల ఒక రేటు, జిల్లా దాటితే ఒక రేటు" అనే వాళ్ళతో ఏ ఊరు ఎటు వస్తుందో పేరు పెట్టి మాట్లాడుకోండి.

ఆరు. నంబర్ ప్లేటు. బాడుగకి తిరిగే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు ఉంటే అది సొంత కారు. "మా బావమరిది కారు, తక్కువకే వస్తుంది" అని చాలామంది తెస్తారు. మనమూ సంతోషిస్తాం. కానీ 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా బాడుగకి తిప్పకూడదు. తిప్పి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధ్యత నుంచి తప్పుకోవడానికి ఆ చట్టంలోనే దారి ఉంది. అన్నిటికంటే పెద్ద అనుకోని ఖర్చు ఇదే.

ఏడు. వాన, ఇసుక, బురద. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, రహదారి దెబ్బతిని రాకపోకలు ఆగాయి. అలా ఆగిపోయిన రోజుకి బాడుగ ఎవరిది? చుట్టూ తిరిగి వస్తే అదనపు కిలోమీటర్లు ఎవరివి? సముద్రం ఒడ్డున ఇసకలో చక్రం దిగబడితే ట్రాక్టరు పెట్టి లాగించాలి. ఆ డబ్బు ఎవరిది? చెరువు కట్ట మీద కారు పోదని డ్రైవర్ అంటే, బలవంతం చేసింది మనమైతే ఆ ఖర్చు మనదే. తోవ ఎలాంటిదో ముందే చెప్పండి. బండి చెడిపోతే ఇంకో బండి పంపుతారా, ఎంతసేపట్లో పంపుతారన్నదీ అడగండి.

ఈ మధ్య మన అమ్మాయిలు కొందరు తామే నడుపుకునే కార్లు తీసుకుంటున్నారు. చాలా సంతోషం. వాటికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. అక్కడ ఉచ్చులు వేరు. డిపాజిట్ ఎంత, ఎన్నాళ్ళలో తిరిగిస్తారు? పెట్రోలు ఎంతతో ఇచ్చారు, ఎంతతో అప్పజెప్పాలి? గంట ఆలస్యమైతే ఎంత? దెబ్బ తగిలితే బీమా పోను మనం ఎంతవరకూ కట్టాలి? తీసుకునేటప్పుడు కారు చుట్టూ తిరిగి గీతలు, సొట్టలు, టైర్లు, అద్దాలు అన్నీ వీడియో తీయండి. పాత గీతకి కొత్త డబ్బు కట్టవలసిన పని లేదు.

ఇవన్నీ అడిగాక ఒక్క పని చెయ్యండి. ఒప్పుకున్న మాటలన్నీ ఫోన్లో మెసేజ్‌గా రాసి ట్రావెల్స్ వాళ్ళకి పంపి, "సరే" అని జవాబు తెప్పించుకోండి. అయిదు నిమిషాల పని. అలాగే బిల్లు అడగండి. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం సేవకి బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. అంటే బిల్లు మన హక్కు. గొడవ తేలకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోవచ్చు. సేవకి కట్టిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకి రుసుము లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇదంతా డ్రైవర్ మీద యుద్ధం అనుకోకండి. చాలాసార్లు బండి అతనిది కాదు. రేటు పెట్టింది అతను కాదు. మనం కట్టే బత్తా అతని చేతికి పూర్తిగా చేరుతుందో లేదో తెలియదు. మోటారు రవాణా కార్మికులకి రోజుకి 8 గంటల పని అని 1961లోనే చట్టం వచ్చింది. కానీ మనం తెల్లవారి నాలుగింటికి ఎక్కి రాత్రి పదకొండింటికి దిగి, "బత్తా ఎందుకు ఎక్కువ?" అని అడుగుతాం. కావలిలో మేం గదుల్లో పడుకున్న రాత్రి ఆ డ్రైవర్ దోమల మధ్య కారులోనే పడుకున్నాడు. రాత్రి బస పేరుతో 300 కట్టాం గానీ ఆ డబ్బుతో అతనికి మంచం దొరికిందా అని మేం ఆలోచించలేదు. శ్రమ గురించి మాట్లాడే వాళ్ళం మనం. బేరం యజమానితో ఆడాలి, డ్రైవర్ నిద్రతో కాదు. అతని తిండి, పడక మన బడ్జెట్‌లో రాయాలి. పైగా నిద్ర చాలని డ్రైవర్ బండిలో మనమే కూచుంటాం.

ఇంకో మాట సంస్థలు నడిపేవాళ్ళకి. 2013లో వచ్చిన పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం పనిస్థలాన్ని ఆఫీసు గోడలతో ఆపలేదు. పని మీద వెళ్ళిన చోటూ, ఆ ప్రయాణానికి యజమాని కల్పించిన రవాణా కూడా పనిస్థలమే. అంటే మీరు మాట్లాడి పంపిన బాడుగ కారు మీ కార్యకర్తకి పనిస్థలం. బండి నంబరు, డ్రైవర్ పేరు ఆఫీసులో రాసి ఉంచడం మీ బాధ్యత. రాత్రి అందరూ దిగిపోయాక చివరి అమ్మాయి ఒంటరిగా మిగిలితే, ఆమెని ఇంటి గుమ్మం దాకా దించి రావడానికి అయ్యే ఆ పది కిలోమీటర్లు కూడా ఖర్చుగా రాయండి. "మెయిన్ రోడ్డులో దిగి నడిచిపో" అని మిగుల్చుకున్న వంద రూపాయలు పొదుపు కావు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చిన్న సంస్థల్లో అంతర్గత కమిటీ ఉండదు గాబట్టి, ఆ స్త్రీలు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని వాళ్ళకి చెప్పి ఉంచండి.

నిధులిచ్చే వాళ్ళకి పంపే ప్రతిపాదనల్లో "ప్రయాణం" అని ఒక గీత గీసి ఒక అంకె వేస్తాం. ఆ అంకెని వీలైనంత చిన్నదిగా వేస్తే మంచి సంస్థ అనిపించుకుంటాం. అసలు ఖర్చుకీ ఆ అంకెకీ మధ్య తేడాని ఈ గదిలో ఎంతమంది తమ చేతి నుంచి పెట్టారో ఒకసారి చేతులెత్తండి. చూడండి, ఎన్ని చేతులో! వేదిక మీద ఉన్న మేమూ చూడాలి.

మన జిల్లా స్త్రీలకి లెక్కలు కొత్త కాదు. 1990ల మొదట్లో దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న చోటే సారా మీద ఇంటి డబ్బు ఎంత పోతోందో మాట్లాడుకున్నారు. 1992 నాటికి సారా వేలం పాటల్ని అడ్డుకునేదాకా వచ్చారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పైకి కనిపించని ఖర్చుని బయటికి తీసి, ఇది ఎవరి మీద పడుతోందని అడగడం వాళ్ళు చేసిన పని. బాడుగ బండి దానితో పోలిస్తే చాలా చిన్నది. అయినా అడగవలసిన ప్రశ్న అదే.

మా సంస్థలో రెండు పనులు చేశాం. ఇప్పుడు బండి ఎవరు మాట్లాడినా సంస్థ పేరు మీదే మాట్లాడతారు, కార్యకర్త సొంత పేరు మీద కాదు. నేను చెప్పిన ప్రశ్నల్ని ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటించాం. తేడా వస్తే ముందు సంస్థ కడుతుంది, తర్వాత విచారించుకుంటాం. ఆ కార్యకర్తకి ఆమె 4,100 రూపాయలు తిరిగిచ్చాం. తీసుకోవడానికి ఆమె చాలా మొహమాటపడింది. "అయిపోయింది గదా మేడం, వదిలేయండి" అంది. వదిలేయవద్దని నేనే బతిమాలవలసి వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గుంపులుగా కూచుని, మీ మీ మండలాల్లో మీరు తిరిగే దారులు, ఆ దారుల్లో మీరు కట్టే బాడుగలు, మీ చేతి నుంచి పడ్డ డబ్బులు రాయండి. కాగితాలు మీ ముందు పెట్టి ఉన్నాయి. చిన్న మొత్తమని వదిలేయకండి, ఇరవై రూపాయలైనా రాయండి.